పూతరేకుల్లో సున్నం

ఆ రోజుల్లో నా గొంతు వినకపోతే కోనసీమలో పొయ్యి వెలగదని గట్టిగా నమ్మేదాన్ని. డిగ్రీ అవగానే, గౌతమి ఒడ్డున మా ఊళ్ళో పెట్టిన చిన్న ఎఫ్ఎం స్టేషన్‌లో ఉద్యోగం దొరికింది. ఒక గది, ఒక మైకు, డాబా మీద ఒక స్తంభం. స్టేషన్ చూసుకునేది రిటైరైన మేష్టారు. ఆయన లైసెన్సు కాగితానికి పటం కట్టించి రోజూ అగరొత్తి చూపించేవారు (దేవుడి పటం పక్క గోడకి మారింది). పదకొండింటికి నా వంటల కార్యక్రమం.

ఒకరోజు ఆత్రేయపురం పూతరేకులు ఇంట్లో చుట్టుకోవడం ఎలాగో చెప్పి బయటికొచ్చానో లేదో, ఫోను మోగింది. "అమ్మాయిగారూ, రేకు మీద సున్నమేంటండీ? మా కోడలు అప్పుడే డబ్బా తెచ్చేసిందండి!" నేను నోరు తెరిచేలోగా మేష్టారు ట్రాన్సిస్టర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. "నువ్వు 'రేకు మీద నెయ్యి రాసి' అన్నావమ్మా. వెంటనే ఎవరో మగగొంతు 'ఎకరానికి యాభై కిలోల సున్నం చల్లండి' అంది. నువ్వు 'మెల్లగా మడవండి' అన్నావు. అతను 'చెరువులో ఏరేటర్లు తిప్పండి' అన్నాడు!"

ఆ గొంతు చివర్లో తన దుకాణం పేరు కూడా చెప్పుకుంది. వంతెన అవతల యానాంలో రొయ్యల మేత అమ్మే కొట్టు. లైసెన్సు పటం ఒళ్ళో పెట్టుకుని ఇద్దరం ఆటో ఎక్కాం. కొట్టు యజమాని గళ్ళ లుంగీ కట్టుకున్న భారీ మనిషి. మేత బస్తాల వెనక బిస్కెట్ల డబ్బా అంత యంత్రం పెట్టుకుని, రొయ్యల రైతులకి సలహాలు ప్రసారం చేస్తున్నాడు.

"మాకు లైసెన్సుందండీ!" అన్నాను, పటం ఆయన బల్ల మీద పెట్టి.

"ఉండనివ్వండి. అది ఆంధ్రాలో కదండీ? ఇది పుదుచ్చేరి. మీ కూతలు వంతెన మధ్యలోనే ఆగిపోవాలండి. అసలు మీరే మా మీదకొస్తున్నారు. చెరువులో నెయ్యి ఎన్ని డబ్బాలు పొయ్యాలని నిన్న ఒక రైతు అడిగాడండి!" అంటూనే మా ఇద్దరికీ నిమ్మసోడా తెప్పించాడు.

సోడా తాగి ఇంటికొచ్చి మూడు పేజీల ఫిర్యాదు రాశాను. అందులో 'దురాక్రమణ' అనే మాట నాలుగుసార్లు వాడాను (అప్పట్లో నా భాష అలా ఉండేది). నెల తిరక్కుండా రేడియో లైసెన్సుల ఇన్‌స్పెక్టరు గారు జీపులో దిగారు. "గాలికి రాష్ట్రాలుండవమ్మా, అది కేంద్రానిది" అన్నారు. నాకు పండగే. "అయితే ముందు ఫిర్యాదు చేసినవాళ్ళ స్తంభం కొలుస్తాం" అన్నారు. ముందు కాఫీ తాగండన్నాను.

విషయమేమిటంటే, మా అమ్మమ్మ ఊరికి నా గొంతు అందడంలేదని, ఎలక్ట్రీషియన్ని బతిమాలి ఆ స్తంభానికి రెండు నిలువుల ఇనప గొట్టం అతికించాను. మేష్టారికి చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు గారు టేపు చుట్టి, "లైసెన్సు రద్దయ్యేంత తప్పండీ ఇది. ఎవరు చేశారు?" అన్నారు. మేష్టారు పైకి చూశారు, నన్ను చూశారు. "నేనేనండి. పెద్దతనం, కొలత తప్పింది" అన్నారు. ఆ సాయంత్రం నిజం చెప్పి ఏడిస్తే, "అమ్మమ్మకి వినిపించిందా?" అని మాత్రం అడిగారు.

మందలింపుతో వదిలేశారు. మా గొట్టం దిగింది, యానాంలో యంత్రం జీపెక్కింది. మర్నాటి నుంచి రొయ్యల రైతులు దిక్కులు చూస్తున్నారని తెలిసి, మేష్టారు ఆ లుంగీ ఆసామిని పిలిచి వంటల తరవాత పావుగంట ఇచ్చారు. నేను మండిపడ్డాను. తీరా ఆయన, సరైన మైకు ముందు కూర్చోగానే చెమటలు పట్టి, కాగితం నా చేతిలో పెట్టి, "మీరే చదివెయ్యండి, దణ్ణం పెడతాను" అన్నాడు. ఏడాదంతా రొయ్యల జబ్బులు నేనే చదివాను. వంటలకన్నా వాటికే ఎక్కువ ఉత్తరాలొచ్చాయి.

గొట్టం దిగాక మళ్ళీ నా గొంతు అందక, అమ్మమ్మ శనివారాలు బస్సెక్కి వచ్చేది. స్టూడియో అద్దానికి అవతల, నాకెదురుగా కూర్చుని, ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని నా మాటే వినేది. "ఇక్కడే ఉన్నాను కదే!" అని సైగ చేస్తే, విసుక్కుని, మాట్లాడొద్దని వేలు పెదవి మీద పెట్టేది. మొన్న ఆ పాత రికార్డింగొకటి దొరికితే విన్నాను. అబ్బ, ఎంత కీచుగొంతో! ఆ పిల్లని ఎలా భరించారో పాపం, చివరిదాకా విన్నాను నేను కూడా.