నా లాప్‌టాప్‌లో మాత్రమే నడిచిన ప్రాజెక్టు

కరీంనగర్‌లో ఇంజనీరింగ్ చివరి ఏడాది మా ముగ్గురిదీ ఒకటే ప్రాజెక్టు. పత్తి ఆకు ఫొటో చూసి ఏ తెగులో చెప్పే మెషీన్ లెర్నింగ్ ప్రోగ్రాం, పైథాన్‌లో. సోమవారం దాన్ని ల్యాబ్ కంప్యూటర్‌లో, అదీ నేను ముట్టుకోకుండా, మిగతా ఇద్దరు నడిపి చూపించాలి. లేదంటే ప్రాజెక్టు మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందేనని సార్ తేల్చేశారు. చిక్కేమిటంటే అది నా లాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా నడిచేది కాదు. తప్పు వాళ్ల లాప్‌టాప్‌లదేనని రెండు వారాలుగా అరుస్తున్నాను. లీడర్‌ని కదా, అరవడం నా వంతు.

ఆదివారం మందమర్రిలో, మా జట్టు అమ్మాయి వాళ్ల కంపెనీ క్వార్టర్‌లో కూర్చున్నాం. వాళ్ల బాపు బొగ్గుబాయిలో సర్దార్, అంటే షిఫ్టులో పనినీ భద్రతనూ చూసే మనిషి. నా అరుపులకు మధ్యాహ్నం నిద్ర పాడై, లేచొచ్చి సంగతేమిటని అడిగారు. చెప్పాం. గనిలో షిఫ్టు ముగించిన సర్దార్ లోపలి పరిస్థితంతా రాసిపెడితే, తర్వాతి సర్దార్ అది చదివి సంతకం పెట్టాకే దిగుతాడట. మరి నేనేం రాసిపెట్టానని అడిగారు. అంతా నా తలలోనే ఉందన్నాను, కాస్త గర్వంగానే.

"మరి నువ్వు రాని నాడు నీ తలకాయ పంపిస్తవా బిడ్డా?" అన్నారాయన.

కోపమొచ్చింది గానీ రాశాను. ఏ పైథాన్, ఏ లైబ్రరీలు, దేని తర్వాత ఏది, నోట్‌బుక్‌లో రెండు పేజీలు. ఆ అమ్మాయి అవి చూసి చేస్తుంటే నేను నోరు తెరవకూడదని ఆయన షరతు. నన్ను నీళ్ల డ్రమ్ము పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. నాలుగో లైను దగ్గర ప్రోగ్రాం ఆగిపోయింది. ఆమె తెర మీది తప్పు చదివి నావైపు తిరిగింది.

"ఫొటోలు నీ డెస్క్‌టాప్ మీదికెళ్లి తెమ్మంటుంది. నా దాంట్ల నీ డెస్క్‌టాప్ యాడుంటది?"

రెండు వారాల అరుపులూ ఒక్కసారిగా గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. ఫొటోల ఫోల్డర్‌ను ప్రాజెక్టు లోపలికే మార్చి మళ్లీ రాశాను. అదీ నడవలేదు. నడిచేదాకా సంతకం పెట్టనని ఆమె భీష్మించింది. నాలుగోసారి రాసిన దానికి పెట్టింది, అచ్చం వాళ్ల బాపులాగే పూర్తి పేరుతో.

సోమవారం సార్ నన్ను ల్యాబ్ బయటే నిలబెట్టారు. కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. వాళ్లిద్దరూ నోట్‌బుక్ చూసి ఒక్కో లైనూ కొట్టుకుంటూ పోయారు. ఒక్కసారి కూడా కిటికీ వైపు చూడలేదు. ప్రాజెక్టు నడిచింది, గట్టెక్కాం. సంతోషపడ్డాను కూడా. కానీ నిజం చెప్పాలి. ఎక్కడో ఓ చోట ఆగితే బాగుండు, నన్ను లోపలికి పిలుస్తారు కదా అని అక్కడ నిలబడ్డంతసేపూ కోరుకున్నాను.