దొడ్డి గుమ్మం దగ్గరి పువ్వు

ఉప్సలాలో ప్రొఫెసర్ రిడెలియుస్ గారి టోపీలో ఎప్పుడూ ఒక పువ్వు ఉంటుంది. దాన్ని కోసింది మాత్రం ఆయన కాదు. స్వీడన్‌కు వృక్షశాస్త్రం నేర్పింది తానేనని రోజుకు నాలుగుసార్లు చెప్పే ఈ పెద్దమనిషి మొక్క కోసం ఏనాడూ నడుం వంచలేదు. చేతికర్రతో చూపిస్తారు, పనిమనిషి బ్రీటా వంగి, వేళ్లతో సహా పెకలించి, కాగితాల మధ్య పెట్టి నొక్కుతుంది. పేరు పెట్టడం ఆయన వంతు. ఈ జూన్‌లో దొడ్డి గుమ్మం పక్కన, ఇంతకుముందు ఎవరూ చూడని పసుపు పువ్వొకటి కనబడింది. అది స్వీడన్ మట్టిలో తప్ప ఎక్కడా పుట్టదని వ్యాసం రాసి, ఆ పువ్వుకు తన పేరే పెట్టుకున్నారు. అచ్చుకు పంపే రోజు పొద్దున, చక్కెర ముక్క పంటికింద పెట్టుకుని కాఫీ తాగుతూ, ఆ వ్యాసాన్ని బ్రీటాకు చదివి వినిపించారు.

"అయ్యగారూ, నిరుడు మీరు స్పెయిన్ నుంచి వచ్చినప్పుడు మీ బూట్ల మట్టి నేను గీకి పారేసింది ఆ దొడ్డి గుమ్మం పక్కనే కదండీ," అంది బ్రీటా.

ఆయన చాలాసేపు చక్కెర చప్పరించారు.

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?"

"నన్నెవరు అడుగుతారండీ."

వ్యాసం సాయంత్రానికల్లా అచ్చుకు వెళ్లిపోయింది. బూట్లు మాత్రం ఆ రోజు నుంచి ఆయనే, నడుం వంచి, కడుక్కుంటున్నారు.