క్రేనుని నమ్ముకున్న మావయ్య

మొన్న ఆటోనగర్‌లో మా స్పేర్ పార్టుల షాపుకి, బందరు పోర్టుకి రాళ్లు తోలే టిప్పరు డ్రైవరొకడు బేరింగుల కోసం వచ్చాడు. "ఇంకెంతండీ, ఓడలొచ్చేస్తాయి" అన్నాడు, ఆ ఓడలన్నీ తనే తోలుకొస్తున్నట్టు. అతని చెప్పుల నించి రాలిన ఇసక ఊడుస్తుంటే నాకు మావయ్య గుర్తొచ్చాడు.

మా అమ్మకి తమ్ముడు. బందరు దగ్గర పల్లెలో సముద్రం మీద వేట ఆయన బతుకు. సెలవులకి వెళితే నన్ను పడవెక్కించుకునేవాడు. ఒడ్డుకొచ్చాక నా వాంతుల గురించి ఊరంతా చెప్పేవాడు కూడా. సముద్రంలో ఒకచోట ఎప్పుడో మునిగిన పాత ఓడ ఉండేది. దాని చుట్టూ పండుగప్ప చేపలు చేరేవి. తాతయ్య చూపించిన ఆ చోటు మావయ్యకి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఒడ్డునున్న జంట తాటిచెట్లు ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒకే చెట్టులా కనబడే వరస పట్టుకుని పోవాలి. ఆ వరసలోనే రాయి కట్టిన తాడు వదులుతూ లోతు చూసుకోవాలి. ఇంటికొచ్చాక ఉడికే ఆ చేపల పులుసు వాసనకి నాకు వాంతుల సంగతే గుర్తుండేది కాదు.

పోర్టు పనులు మొదలయ్యాక, రోడ్డు కోసం ఆ తాటిచెట్లు కొట్టేస్తారని తెలిసింది. మావయ్య తెలివి తక్కువవాడేం కాదు. చెట్లుండగానే ఆ చోటుకి వెళ్లి, ఊళ్లో గుడి శిఖరానికి సూటిగా ముందు కనబడ్డ పోర్టు క్రేనుని కొత్త గుర్తుగా పెట్టుకొచ్చాడు. తాటిచెట్లకంటే ఎత్తు, పైగా ఇనుము, గాలివానకి పడదు. ఊళ్లో మీసం మెలేశాడు. చెట్లు కొట్టేసిన వారానికి వేటకెళితే చోటు లేదు. నాలుగు రోజులు వెతికాడు. సముద్రంలోకి వేస్తున్న రాళ్లకట్ట పెరిగేకొద్దీ క్రేను కూడా ముందుకి జరుగుతోందని అయిదో రోజుకి గానీ తెలియలేదు.

"అంత పొడుగుది కదులుద్దని ఎవడనుకుంటాడ్రా అల్లుడూ!" అన్నాడు ఫోన్లో.

నేను పగలబడి నవ్వి, "ఆ చోటేదో ఫోన్లో మ్యాపు మీద గుర్తు పెట్టుకోవచ్చుగా మావయ్యా" అన్నాను.

"పెట్టాలంటే ముందు ఆ చోటు దొరకాలి కదరా. మా నాయన నాకు చూపిచ్చాడు. నేను మావోడికి చూపిద్దామనుకున్నా."

నా నవ్వుకి నాకే సిగ్గేసింది. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

మావయ్య పోయి రెండేళ్లయింది. ఒంట్లో ఓపికున్నంత కాలం వెతికాడు, దొరకలేదు. కొడుకు ఇప్పుడు ఆ పోర్టులోనే పని చేస్తున్నాడు, పిల్లల్ని బాగా చదివిస్తున్నాడు, నాకూ సంతోషమే. కాలం ముందుకి నడుస్తుందంటారు. నడుస్తూ నడుస్తూ వెనక గుర్తులు కూడా పీక్కుంటూ పోతుందని మావయ్య వల్లే తెలిసింది.