తప్పు నడవని గడియారం

నల్లగొండలో గడియారాలు బాగుచేసే లియాఖత్ అలీ కూతురు అన్వరీ బేగం. చదివింది ఇంటర్, ఆపైన ఆర్నెల్ల కంప్యూటర్ కోర్సు. తొంభై నాలుగులో ఊళ్లోని ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో తాత్కాలికంగా ఉద్యోగం దొరికింది. అది పర్మినెంటు కావాలంటే ల్యాబు పెద్ద అమరేందర్ సారు సంతకం పడాలి.

ఆ సారు ఘనత చెప్పాలి. ఉపగ్రహాల సంకేతాలు పట్టి మనమున్న చోటు చెప్పే రిసీవరుంటుందే, దాన్ని ఆయన కళ్లతో చూసిన పాపాన పోలేదు. దాన్నే కంప్యూటర్లో ఉత్తుత్తిగా నడిపించి డాక్టరేటు కొట్టేద్దామని కూర్చున్నాడు. ఉపగ్రహాలూ ఆయనవే, సంకేతాలూ ఆయనవే, జవాబూ ఆయనదే. రిసీవరు ఊరి పక్కనున్న పానగల్ గుడి ముందు ఉందనుకుని లెక్క వేస్తే, సరిగ్గా పానగల్ గుడి ముందే తేలేది. అంగుళం తేడా లేదు. ఆ కాగితం పట్టుకుని కాలేజీ అంతా ఊరేగాడు.

ప్రోగ్రాం టైపు చేసింది అన్వరీ. చేస్తూనే లోపం పట్టేసింది. సంకేతం ఉపగ్రహం దగ్గర ఎప్పుడు బయల్దేరింది, రిసీవరును ఎప్పుడు చేరింది, ఈ రెండు వేళలను బట్టే దూరం కట్టాలి. సారు రెండు చోట్లా ఒకే గడియారం పెట్టాడు.

"సార్, మా అబ్బాజాన్ దుకాణంల వంద గడియారాలుంటయి. ఏ రెండూ ఒక్కతీరు నడవయి. రిసీవర్ గడియారం గూడ జర తప్పుతది కద?"

"దుకాణం ముచ్చట్లు దుకాణంల్నే చెప్పుకో. గిది సైన్స్."

ఆమెకు ఒళ్లు మండింది. సంతకం గుర్తొచ్చి సారు చెప్పినట్టే టైపు చేసింది.

డాక్టరేటు పరీక్షకు హైదరాబాద్ నుంచి వచ్చిన పరీక్షాధికారి కాగితాలు తిరగేసి ఒక్కటే అడిగాడు. "రిసీవర్ గడియారం సెకనులో వెయ్యో వంతు తప్పితే?"

సారు ఆమె వైపు తిరిగాడు. "అన్వరీ, ఏసి చూపియ్యి."

వేసింది. పానగల్ గుడి ముందు ఉండాల్సిన రిసీవరు వందల కిలోమీటర్ల లోతున భూమిలో దిగబడింది.

"గీ పిల్ల టైపింగ్ తప్పు సార్," అన్నాడు అమరేందర్, కొంచెమైనా సిగ్గుపడకుండా.

పరీక్షాధికారి తలూపాడు. ఆయనకు భోజనం వేళ అయిందట. ఆ ఒక్క తలాడింపుతో సారుకు డాక్టరేటు వచ్చింది, అన్వరీకి ఉద్యోగం పోయింది.

ఆమె వెళ్లి దుకాణంలో తండ్రి పక్కన కూర్చుంది. ఏడాది తిరక్కుండా మంచి పనిమంతురాలని పేరు తెచ్చుకుంది. ఒకరోజు డాక్టర్ అమరేందర్ వచ్చి చేతి గడియారం విప్పి ముందు పెట్టాడు.

"జర చూడమ్మా. రోజుకు ఐదు నిమిషాలు ఎనకబడుతాంది. కాలేజీల మాట పడుతున్న."

అన్వరీ మూత కూడా తీయలేదు. గడియారాన్ని ఆయన వైపే తోసింది.

"గిది మంచిగనే ఉంటది సార్. మీ సైన్సుల గడియారాలు తప్పు నడవయి కద."

ఆయన వెనక నిలబడ్డ గిరాకీని ముందుకు రమ్మంది.