షాహీన్ టీచర్ చూసుకోని మచ్చ

తిరుపతిలో నేను నర్సుగా పనిచేసే జ్వరాల వార్డు వెనక, వానలు పడ్డాక మిషనుతో గడ్డి కోస్తారు. ఆ పచ్చివాసన కిటికీలోంచి రాగానే నా ఒళ్లు జలదరిస్తుంది. చిత్తూరు శివార్లలోని మా బడి, దాని వెనక నడుము దాకా పెరిగిన గడ్డి, అందులో తెల్లగుడ్డ ఈడ్చుకుంటూ నడిచిన షాహీన్ టీచర్ గుర్తొస్తారు.

ఎనిమిదో తరగతిలో ఆమె మాకు సైన్సు చెప్పేవారు. పురుగులు మోసుకొచ్చే జబ్బుల గురించి పుస్తకంలో ఉన్నది రెండు పేజీలే. ఆమెకు అది చాలలేదు. మమ్మల్ని బాట మీదే నిలబెట్టి, తను గడ్డిలోకి దిగి గుడ్డ ఈడ్చి తెచ్చారు. పశువుల్ని పట్టే పిడుదులు రెండు దానికి అంటుకుని ఉన్నాయి.

"ఇవి కంటికి కనిపిస్తాయి. కనిపించనిది ఇంకోటి ఉండాది. నలకంత కూడా ఉండదు, కుట్టినా తెలీదు. పదిరోజులకు జ్వరమొస్తాది. కుట్టినచోట బీడీతో కాల్చినట్టు నల్లమచ్చ పడతాది. సంకలో, నడుం కాడ, యాడ దాక్కునుంటే ఆడ ఎతకాల."

సంక అనగానే అమ్మాయిలం కిసుక్కున నవ్వాం. ఆమె నవ్వలేదు. "జ్వరం కాడ సిగ్గు పనికిరాదు" అన్నారు.

రెండు వారాలు తిరక్కముందే ఆమె బడికి రావడం మానేశారు. టైఫాయిడ్ అన్నారు. వారమైనా రాకపోయేసరికి, ఒక సాయంత్రం బడి వదలగానే వాళ్లింటికి వెళ్లాను. టీచర్ మంచం మీద కళ్లు మూసుకుని ఎగఊపిరి తీస్తున్నారు. అత్తగారు నుదుట తడిగుడ్డ వేస్తున్నారు. టైలరు పని చేసే భర్త గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"మాత్రలు మింగతానే ఉండాది. జొరం దిగేదే లేదు పాపా" అన్నారాయన.

టీచర్ చెప్పిన పాఠం గుర్తొచ్చి అడిగాను. "సార్, నల్లమచ్చ ఏమన్నా ఉండాదేమో సూసినారా?"

"ఏం మచ్చ?"

టీచర్ కళ్లు తెరిచారు. నన్ను గుర్తుపట్టారు. "నేను... చూసుకోలేదు సుగుణా" అన్నారు.

"ఇంత సిన్నపిల్లొచ్చి ఒళ్లంతా ఎతకమంటాదా?" అని అత్తగారు కసిరారు. భర్త మాత్రం బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేశారు.

చేతులు చూశాను. మెడ, సంకలు, మోకాళ్ల వెనక. ఎక్కడా లేదు. మిగిలిన చోటు చూపమని అడగడానికి నోరు రాలేదు. ఆమే పక్కకు తిరిగి సల్వార్ బొందు వదులు చేశారు. నడుము వెనక, బొందు ఒరుసుకునే చోట, నల్లటి పక్కు ఉంది.

"యా అల్లా" అని అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు.

ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరు ఆ మచ్చ చూడగానే, ఆ కనిపించని పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ అని అనుమానించి మందు మార్చాడట. ఊపిరితిత్తులకు కూడా పాకిందన్నాడట. రెండు రోజులు ఏ కబురూ లేదు. మాకు చూపించాలనే కదా ఆమె ఆ గడ్డిలోకి దిగింది అన్న ఆలోచనతో నాకు అన్నం దిగలేదు. మూడోరోజు జ్వరం తగ్గిందని తెలిసింది.

నెల తర్వాత, మనిషి సగమై తరగతికి వచ్చారు. నన్ను పొగడలేదు. అటెండెన్సు కూడా తీయకుండా మొదలుపెట్టారు.

"పాఠం మీకు చెప్పినాను. నాకు చెప్పుకోలేదు. టైఫాయిడ్ అంటే సరేననుకున్నాను, మచ్చ ఎతకలేదు. ఉత్త చెప్పులతో గడ్డిలోకి దిగింది కూడా తప్పే. రాసుకోండి."

ఒక టీచరు తన తప్పును మాచేత నోటుబుక్కులో రాయించడం అదే మొదటిసారి. ఎవరం నవ్వలేదు.

మొన్నటి వానాకాలంలో నేను, జ్వరంతో వచ్చిన ఒక పెద్దాయన వీపు చూడకుండానే 'మచ్చ లేదు' అని కేసుషీటులో రాశాను. మర్నాడు ఉదయం డాక్టరు ఆయన చొక్కా ఎత్తి చూస్తే మచ్చ కనబడింది. "నిన్న లేదా?" అని అడిగారు. రాత్రికి రాత్రే పడిందేమో అనేస్తే సరిపోయేది. పెద్దాయన కూతురు పక్కనే ఉంది.

"ఉండే ఉంటుంది సార్. నేనే చూడలేదు" అన్నాను.