స్విచ్ లేని లైట్లు

గుంటూరులో నల్లపాడు రోడ్డు మీద నాకు ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. సెల్ఫ్ మోటార్లు, డైనమోలు, హారన్లు, ఏం పట్టుకొచ్చినా చేస్తాను. కారుకి పగలు వెలిగే లైట్లు పెట్టమని వస్తే మాత్రం రోడ్డుకి అవతల ఉన్న షాపు చూపిస్తాను. "ఏమండీ, మీకు రాదా?" అని ఒకాయన నా మొహం మీదే నవ్వాడు. రాకపోవడమేమిటి? నాకు తెలిసినంతలో మా రోడ్డు మీద ఆ పని మొదట చేసింది నేనే. ఆ సంగతి నలుగురికీ చెప్పుకుని కాలరెగరేసిన రోజులు కూడా ఉన్నాయి.

అది రెండు వేల ఏడో, ఎనిమిదో సంవత్సరం. మిర్చి ఎగుమతి చేసే ఒక ఓనరుగారి దగ్గర నా బావమరిది కారు డ్రైవరు. నా భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. ఓనరుగారి లారీలన్నిటికీ వైరింగు పని నాదే కావడంతో నేనే మాట సాయం చేసి వాణ్ణి అక్కడ పెట్టించాను. వాడికి స్టీరింగు చేతికిస్తే అన్నం కూడా అక్కర్లేదు. "మా బావ పెట్టించిన ఉద్యోగం" అని కనపడ్డవాడికల్లా చెప్పేవాడు. అలా చెప్పినప్పుడల్లా నాకు లోపల బాగానే ఉండేది.

ఓనరుగారు ఆ ఏడాది జపాన్ నుంచి కారు తెప్పించారు. నల్లది. ఓడలో చెన్నై దాకా వచ్చి, అక్కణ్ణుంచి మా వాడే నడుపుకుంటూ తీసుకొచ్చాడు. ఆ తర్వాత ఆయన వ్యాపారం పని మీద ఏదో చలిదేశం వెళ్ళి, అక్కడ పట్టపగలు కార్లన్నీ లైట్లు వేసుకుని తిరగడం చూసి వచ్చారు. వస్తూ వస్తూ పెట్టెలో రెండు ఎల్ఈడీ పట్టీలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"ఇంజను స్టార్టవగానే వెలగాలయ్యా. ఇంజను ఆపితేనే ఆరాలి" అన్నారు.

నేను రెండు రోజులు ఆ కారు కిందే పడుకున్నాను. మన జీపులూ లారీల సంగతి వేరు. ఇది కంప్యూటరు బండి, ఒక్క వైరు పొరపాటున తెంపినా మొత్తం మూగబోతుంది. ఎక్కడా కంపెనీ వైరు కొయ్యకుండా, తాళం తిప్పితే పనిచేసేలా వేరే రిలే పెట్టి, హెడ్‌లైట్లకి ఆనించి పట్టీలు బిగించాను. రెండోరోజు సాయంత్రం మా వాడు తాళం తిప్పాడు. తెల్లగా, కళ్ళు చెదిరేటట్టు వెలిగాయి. పక్కషాపుల వాళ్ళు కూడా వచ్చి చూశారు.

ఏ అదనపు లైటు పెట్టినా డాష్‌బోర్డు కింద ఒక చిన్న స్విచ్ పెట్టడం నా అలవాటు. అదే అడిగాను. ఓనరుగారు మా బావమరిది వైపు చూసి, "స్విచ్ ఎందుకూ? పెడితే వీడు ఆపేస్తాడు. నేను కార్లో ఉన్నా లేకపోయినా అవి వెలుగుతూనే ఉండాలి" అన్నారు. నేను డ్రిల్లు పక్కన పెట్టేశాను.

మా వైపు కొత్త బండికి పెదకాకాని గుళ్ళో పూజ చేయించడం ఆనవాయితీ. అప్పటికి ఆ పూజ అయింది కానీ, లైట్లు పెట్టాక మళ్ళీ చేయించమన్నారు ఓనరుగారు. నేనూ నా భార్యా కూడా వెళ్ళాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మా వాడు ఇంజను స్టార్ట్ చేశాడు. హారతి పళ్ళెంతో ఎదురుగా నిలబడ్డ పూజారిగారు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఆ లైటు కాస్త ఆపు బాబూ, కళ్ళల్లోకి కొడతంది."

"ఆరదండీ" అన్నాడు మా వాడు.

"ఆరకపోవడమేంటి?"

"స్విచ్ లేదండీ."

ఆయన మొహం పక్కకి తిప్పుకుని హారతిచ్చారు. పళ్ళెంలో కర్పూరం వెలుగుతున్న సంగతి కూడా ఆ తెలుపులో తెలియలేదు. తిరిగి వచ్చేటప్పుడు నా భార్య, "పూజారి ఆపమంటే ఆగనిదేంటండీ అది?" అంది. "నీకు తెలీదులే" అన్నాను. నాకూ అప్పటికి తెలియదు.

ఇక్కడ మా రోడ్ల సంగతి ఒకటి చెప్పాలి. ఓనరుగారి పత్తి మిల్లు ప్రకాశం జిల్లా వైపు ఉండేది. దారిలో సాగర్ కాలువ మీద ఒక పాత వంతెన. ఒక బండి పడితే ఇంకో బండి పట్టదు. పత్తి బోరాలు ఎత్తిన లారీ అయితే అటూ ఇటూ పొట్టలు బయటికొచ్చి పిట్టగోడల్ని రాసుకుంటూ పోతుంది. అక్కడ పోలీసూ లేడు, బోర్డూ లేదు. ఉన్నది ఒకటే పద్ధతి. పగలైనా సరే ముందు హెడ్‌లైటు వేసిన బండిదే వంతెన. అవతలివాడు ఎంత పెద్ద లారీ అయినా ఆగాలి, ఆగుతాడు. ఆ వైపు స్టీరింగు పట్టిన ప్రతివాడికీ ఇది తెలుసు. పగలు లైటు వెయ్యడమంటే మా దగ్గర 'నేను వస్తున్నా, నువ్వాగు' అని చెప్పడం.

ఓనరుగారి కారు ఇంట్లోంచి బయలుదేరిన దగ్గర్నుంచీ ఆ మాట చెబుతూనే ఉంది.

మొదట్లో భలే సాగింది. నల్లకారు, ముందు తెల్లటి లైట్లు. ఎవరో మంత్రిగారనుకుని ఆటోలు మట్టిలోకి దిగిపోయేవి. రోడ్డు అంచున మిరపకాయలు ఆరబోసుకున్న ఆడవాళ్ళు గబగబా పట్టాలు లాక్కునేవాళ్ళు. వంతెన దగ్గర లారీలు ఫర్లాంగు దూరంలోనే ఆగిపోయేవి. ఓనరుగారు వెనక సీట్లో కూర్చుని మీసం దువ్వుకుంటున్నారని మా వాడు నవ్వుతూ చెప్పేవాడు. నేనూ నవ్వాను. నా చేతిపని చూసి లారీలు ఆగుతున్నాయంటే నాకు మాత్రం చేదా!

కొన్నాళ్ళకి జనం చేతులు చూపించడం మొదలుపెట్టారు. లైటు ఆపడం మర్చిపోయినవాడికి గుర్తుచేస్తూ వేళ్ళు తెరిచి మూస్తారే, అలా. స్కూటరువాళ్ళు, బడిపిల్లలు, ఎడ్లబండిలో ముసలాయన కూడా. "బావా, రోజుకి వంద మంది లైటు, లైటు అంటన్నారు. చెయ్యూపి చెయ్యూపి భుజం పడిపోతంది" అనేవాడు మా వాడు. మరికొన్నాళ్ళకి ఆ చేతులూ ఆగిపోయాయి. మంచిదే కదా అనుకున్నాను. మంచిది కాదని ఒక లారీ డ్రైవరు వచ్చి చెబితేగానీ తెలియలేదు.

అతను పత్తి తోలే మనిషి. హారన్ పనిచేయడం లేదని షాపుకి వచ్చాడు.

"ఆ నల్లకారు లైట్లు నీ పనేనంటగా?"

"అవును, నేనే పెట్టా" అన్నాను గర్వంగానే.

"ఇంతకుముందు ఆగేవాళ్ళం. ఇప్పుడెవడూ ఆగట్లా. అది వెలుగుతానే ఉంటది కదా, దాంతో మనకేం పని అనుకుంటన్నారు. మీవాడు నిజంగా దారి అడిగినా మాకు తెలవదు. చూసుకో మరి."

హారన్ సరిచేసి పంపించాను. నాకు భయం వేసింది. హెడ్‌లైటు పక్కనే పట్టీ పెట్టింది నేను. దూరం నుంచి చూస్తే, అందులోనూ పొగమంచులో, హెడ్‌లైటు వేసినా వెయ్యకపోయినా ఒకటే తెలుపు. మా వాడి నోరు నేనే కట్టేశాను.

ఆ వారంలోనే మా వాడు వచ్చాడు. వాడి మొహంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

"బావా, నిన్న వంతెన మీద సగం దూరం పోయాక ఎదురుగా లారీ ఎక్కేసింది. రివర్సులో వచ్చా. ఒక్క స్విచ్ పెట్టు బావా. స్టీరింగు కింద, ఓనరుకి కనపడకుండా. వంతెన దగ్గర ఈ పట్టీలు ఆపేసి హెడ్‌లైటు కొడతా. దాటాక మళ్ళీ వేసేస్తా."

"రేపు సాయంత్రం హారన్ పని ఉందని చెప్పి బండి వదిలెయ్" అన్నాను.

వదిలి వెళ్ళాడు. స్టీరింగు కింద, ఎడమ మోకాలికి దగ్గరగా కన్నం వేశాను. వైరు లాగి, స్విచ్ చేతిలోకి తీసుకున్నానో లేదో, ఓనరుగారు వేరే బండిలో దిగారు. ఆ రాత్రికి మిల్లుకి వెళుతూ తన కారు కనపడి ఆగారట. వంగి కన్నం చూశారు. నా చేతిలో స్విచ్ చూశారు.

"ఏమయ్యా, నా బండికి నువ్వు ఓనరువా, నేనా?"

వంతెన సంగతి చెప్పబోయాను. "ఇన్ని లైట్లు పెట్టుకుంటే కనపడదంటావేంటి? గుడ్డివాళ్ళా వాళ్ళు?" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు ఉంది. చాలా తేలికైన జవాబు. ఆయన లారీలన్నీ నా షాపుకే వస్తాయన్నది గుర్తొచ్చి నోరు మెదపలేదు. వైరు చివరలకి టేపు చుట్టి లోపలికి తోసేశాను. కన్నం మాత్రం అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున ఏడింటికి మా వాడు బండి కోసం వచ్చాడు. ఓనరుగారిని మిల్లు నుంచి తీసుకురావాలని తొందరలో ఉన్నాడు. మంచు ఇంకా విడలేదు, రోడ్డు అవతలి షాపులు కూడా సరిగ్గా కనపడటం లేదు.

"అయిందా బావా?"

ఓనరు కసిరితే తోక ముడిచానని బావమరిదికి ఎలా చెప్పను? వాడి దృష్టిలో నేను పెద్ద మొనగాణ్ణి. సాయంత్రం వచ్చాక నెమ్మదిగా చెబుదామనుకున్నాను.

"అయిందిరా, పో" అన్నాను.

వాడి మొహం వెలిగిపోయింది. "అందుకే మా బావంటే..." అని ఏదో అంటూనే తాళం తిప్పి వెళ్ళిపోయాడు. ఆ తెల్లలైట్లు మంచులో కలిసిపోయేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. వెనక్కి పిలవాలనిపించింది. సెల్లు జేబులోనే ఉంది. పిలవలేదు.

తొమ్మిదింటికి ఫోనొచ్చింది.

నేను వంతెన దగ్గరికి చేరేసరికి వాణ్ణి అప్పటికే ఆసుపత్రికి తీసుకుపోయారు. కారు ముందుభాగంలో ఎడమ సగం లారీ కిందికి పోయింది. కాలువ గట్టంతా పత్తి పడి ఉంది. జనం మూగి ఉన్నారు. ఎడమవైపు పట్టీ నుజ్జయింది. కుడివైపుది ఇంకా వెలుగుతోంది. తాళం డాష్‌బోర్డులో ఇరుక్కుపోయి తిరగడం లేదట.

"ముందు ఆ లైటు ఆపండయ్యా ఎవరన్నా, చూడలేకపోతన్నాం" అంటోంది ఒకామె. అది ఎలా ఆపాలో అక్కడ నాకు తప్ప ఎవరికీ తెలియదు. బ్యాటరీ వైరు ఊడదీశాను. ఆ ఒక్క నట్టుకి స్పానరు మూడుసార్లు జారిపోయింది.

లారీ డ్రైవరు తలకి కట్టుతో కూర్చుని ఒకే మాట చెబుతున్నాడు. "అతను లైటు వెయ్యలేదు సార్." ఎస్సైగారు నన్ను పిలిచారు. "నువ్వేనా వైరింగు చేసింది? లైట్లు పనిచేస్తున్నాయా?"

"వెలుగుతున్నాయండీ" అన్నాను.

అది నిజం. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. లైట్లు బ్రహ్మాండంగా వెలుగుతుంటే లారీకి ఎదురెళ్ళాడంటే డ్రైవరు నిద్రపోయి ఉంటాడని ఓనరుగారు తేల్చేశారు. అందరూ అదే నమ్మారు. ఆసుపత్రిలో వాడి ఎడమకాలు మోకాలి దగ్గర తీసేశారు. ఎస్సైగారు అక్కడికే వచ్చి వాడి మాట రాసుకున్నారు, నేనూ నా భార్యా మంచం దగ్గరే ఉన్నాం. "నేను హెడ్‌లైటు కొట్టా బావా, నిద్రపోలా" అని వాడు చెబుతూనే ఉన్నాడు. ఒక్కరూ వినలేదు. నేను మాత్రం విన్నాను. విని, మంచు ఎక్కువగా ఉందిలేరా అన్నాను. నా బతుకులో నేను ఇంతకన్నా నీచంగా ఎప్పుడూ మాట్లాడలేదు.

తర్వాత వాణ్ణి నా షాపులోనే కూర్చోబెట్టాను. కాయిల్స్ చుట్టడం నేర్చుకున్నాడు. చేతిపని శుభ్రంగా ఉంటుంది. నా భార్య, "మా తమ్ముణ్ణి మీరే నిలబెట్టారు" అని అప్పుడప్పుడూ అంటుంది.

ఏళ్ళు గడిచాక, కొత్తకార్లు ఫ్యాక్టరీలోంచే పగటిలైట్లతో వస్తున్న కాలంలో, ఒక మధ్యాహ్నం వాడు రోడ్డు మీద పోయే కార్లని చూస్తూ, "ఇప్పుడందరికీ ఇవే కదా" అన్నాడు. నాకు ఇంక పట్టలేదు. చేతిలో పని కింద పెట్టి మొత్తం చెప్పేశాను. ఓనరు రావడం, టేపు చుట్టడం, వాడికి నేనాడిన అబద్ధం, అన్నీ.

వాడు కాయిల్ చుట్టడం ఆపలేదు.

"నాకు తెలుసు బావా" అన్నాడు. "వంతెన ఎక్కేముందు పట్టీలు ఆపుదామని స్టీరింగు కింద చెయ్యి పెట్టా. నా వేలు ఆ కన్నంలోకి పోయింది. స్విచ్ పక్కనెక్కడో ఉంటదని తడుముకుంటానే ముందుకి పోయా. నువ్వు అయిందన్నావు కదా."

"మరి ఎస్సైకి ఎందుకు చెప్పలేదురా?"

తీగ చివర పళ్ళతో కొరికి తెంపాడు.

"చెబుదామనే అనుకున్నా. అక్క నీ పక్కనే నిలబడి ఉంది."