కాలరుకంటిన రంగు

గోధుమ రంగు బూట్ పాలిష్ డబ్బా చూస్తే నాకు అరబ్బు దేశంలోని అల్ ఐన్ ఊళ్ళో ఒక శుక్రవారం గుర్తొస్తుంది.

అమ్మ అక్కడి ఆసుపత్రిలో నర్సు. తనతో పనిచేసే ఫ్రెంచి డాక్టరమ్మ మమ్మల్ని భోజనానికి పిలిచి, తమ దేశపు పాత కామెడీ సినిమా డీవీడీ పెట్టింది. అందులో తలపాగా చుట్టిన భారతీయ నౌకరు తల ఊపుతూ ఏదో గొణుగుతుంటే డాక్టరమ్మ ఇంట్లోవాళ్ళంతా పగలబడి నవ్వుతున్నారు. తెర మీద మనవాడు కనిపించాడని నేను పొంగిపోయాను. అంతలో అతని తెల్ల కాలరు మీద గోధుమ రంగు మరక కనిపించింది.

"అమ్మా, ఆయనకి రంగు పూశారు. ఆయన మనోడు కాదు," అన్నాను.

"పాప ఏమంటోంది?" అని డాక్టరమ్మ ఇంగ్లీషులో అడిగింది.

"సినిమా చాలా బాగుందంటోంది మేడమ్," అంది అమ్మ నవ్వుతూ.

తిరిగొచ్చేటప్పుడు టాక్సీలో అడిగాను. "అబద్ధం ఎందుకు చెప్పావ్?"

"పిలిచి అన్నం పెట్టినోళ్ళమ్మా. ఖలాస్, వదిలెయ్."

అమ్మకి అదేమీ పట్టలేదనుకున్నాను. అలాంటి అమ్మ ఉన్నందుకు సిగ్గుపడ్డాను.

తర్వాత డాక్టరమ్మ మళ్ళీ పిలిచింది. అమ్మ జ్వరంగా ఉందని ఫోనులో చెప్పి, ఆ మధ్యాహ్నమంతా నా పక్కన కూర్చుని బట్టలు మడతపెట్టింది. లేని ఆ జ్వరం ఎందుకో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.